బార్ కౌన్సిల్ డిసిప్లినరీ కమిటీలోకి రమ్మంటున్నారు, ఒప్పుకోమంటారా?

వంశధార_వకీలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రాక్టీస్ చేస్తున్నానండి, ఎన్‌రోల్ అయ్యి పన్నెండేళ్లు దాటింది, ఎక్కువగా సివిల్ సూట్లు, ఎంవీఓపీలు (రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు). మొన్న బార్ కౌన్సిల్ మెంబర్ ఒక సీనియర్ గారు ఫోన్ చేసి, డిసిప్లినరీ కమిటీలోకి (లాయర్ల మీద వచ్చే ఫిర్యాదులు విచారించేది) కౌన్సిల్ బయటి నుంచి ఒక అడ్వకేట్‌ని కో-ఆప్ట్ చేసుకోవాలయ్యా, నీ పేరు పెడదామనుకుంటున్నా, ఆలోచించుకుని చెప్పు అన్నారు. ఆయనంటే గౌరవం, వెంటనే కాదనలేకపోయా, అలాగని అవుననీ అనలేదు.

మాది చిన్న బార్ (లాయర్ల సంఘం). పొద్దున లేస్తే అవే మొహాలు, ఒకే క్యాంటీన్, ఒకరి వాయిదాకి ఇంకొకరు నిలబడతాం. రేపు ఎవరి సనదు (ప్రాక్టీస్ లైసెన్సు) మీదైనా నేను సంతకం పెట్టాల్సి వస్తే ఆ మనిషి స్నేహితులు నాతో ఎలా ఉంటారు, నా ప్రాక్టీస్ ఏమవుతుంది అన్నది మొదటి భయం. రెండోది దూరం, ఆమదాలవలసలో రాత్రి ట్రైనెక్కి పొద్దున విజయవాడలో దిగి అక్కణ్ణుంచి అమరావతి వెళ్లాలి, ఆ రోజు ఇక్కడ నా కేసులు ఎవరో ఒకరు చూడాలి. ఇంట్లో వాళ్లైతే ఊరి గొడవలన్నీ మనకెందుకు అంటున్నారు.

మరి ఎందుకు అడుగుతున్నా అంటే, ఎంవీఓపీలు చేసేవాడిగా కొన్ని చూశా. భర్త పోయిన ఆవిడకి అవార్డయి, డబ్బు డిపాజిట్ అయి, డ్రా కూడా అయిపోయాక, ఇంకా కేసు నడుస్తోందమ్మా అని ఆవిడకి చెప్తున్న వాళ్లున్నారు. అలాంటి ఆవిడ నా దగ్గరికొచ్చి ఎక్కడికెళ్లమంటావు బాబూ అంటే బార్ కౌన్సిల్‌కి రాయమ్మా అనే చెప్తా. అక్కడ కూర్చోవడానికి నన్ను పిలిస్తే మాత్రం నాకు తీరిక లేదు అనడం సబబుగా అనిపించట్లేదు. చేసినవాళ్లెవరైనా ఉంటే అసలు ఆ పని ఎలా ఉంటుందో చెప్పండి.

---

డాకెట్_షీట్:

తమ్ముడూ, నేను కొన్నేళ్ల కింద కో-ఆప్టెడ్ మెంబర్‌గా చేశా, తెలంగాణ వైపు. నాకు తెలిసింది చెప్తా, కొంచెం పెద్దగా రాస్తున్నా ఓపిగ్గా చదువు.

ముందు ఒకటి తెలుసుకో, కంప్లైంట్ రాగానే నేరుగా మీ టేబుల్ మీదికి రాదు. 1961 అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 35 ప్రకారం ముందు కౌన్సిల్ చూసి, ఇందులో మిస్‌కాండక్ట్ (తప్పు నడత) ఉందని నమ్మడానికి కారణం ఉంది అనుకుంటేనే కమిటీకి పంపాలి. పోస్ట్‌మ్యాన్‌లా వచ్చింది వచ్చినట్టు పంపించేయడానికి వీల్లేదని గుజరాత్ బార్ కౌన్సిల్ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. కమిటీలో ముగ్గురు, ఇద్దరు కౌన్సిల్ మెంబర్లు, మూడోవాడు నీలాంటి బయటివాడు, లాయర్‌గా పదేళ్ల స్టాండింగ్ ఉండాలి. ముగ్గురిలో సీనియర్‌మోస్ట్ ఎవరైతే వాళ్లే చైర్మన్, అది కో-ఆప్టెడ్ మెంబరైనా సరే.

ఇప్పుడు అసలు మాట. ఆ ఇద్దరూ ఓట్లతో గెలిచి వచ్చినవాళ్లు. ఓట్లేసేది ఎవరు, అడ్వకేట్లే. కంప్లైంట్ ఎవరి మీద, అడ్వకేట్ మీదే. నేను వాళ్లని తప్పుపట్టట్లేదు, నాతో కూర్చున్న ఇద్దరూ నిక్కచ్చిగా ఉన్నవాళ్లే, కానీ రేపు మళ్లీ ఏ బార్‌కి వెళ్లి ఓటడగాలో ఆ బార్ ప్రెసిడెంటు ఫోన్ చేసి మనవాడేనండీ కాస్త చూడండి అంటే వాళ్ల మీద పడే బరువు నీ మీద పడదు. ఆ మూడో కుర్చీ ఎందుకుందని అడిగితే నేను ఇదే చెప్తా. ఎన్నికలతో సంబంధం లేనివాడు, రోజూ కోర్టులో నిలబడేవాడు ఒకడు ఆ గదిలో ఉండాలి. నువ్వు సరిపోతావా లేదా అని కాదు, నీలాంటివాళ్లు వద్దంటే ఆ కుర్చీలోకి ఎవరొస్తారో ఆలోచించు.

పని విషయానికొస్తే, లాయర్‌కీ అడ్వకేట్ జనరల్‌కీ నోటీసు వెళ్తుంది, కౌంటర్ (లాయర్ జవాబు) వస్తుంది, తర్వాత ప్రూఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే సాక్ష్యం), క్రాస్ (సాక్షిని ఎదుటివాళ్లు ప్రశ్నించడం), ఎగ్జిబిట్లు (సాక్ష్యంగా పెట్టే కాగితాలు), అచ్చం సూట్ లాగే. సెక్షన్ 42 కింద సాక్షుల్ని పిలిపించడానికీ, కాగితాలు తెప్పించడానికీ సివిల్ కోర్టుకుండే పవర్సే ఉంటాయి. కాకపోతే కంప్లైంట్ ఇచ్చినవాళ్లు చాలామంది లాయర్ లేకుండానే వస్తారు. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు, తెలుగులో రాసిన అర్జీ, అందులో సగం కోపం సగం కథ, విషయం ఎక్కడో మూడో పేజీలో ఉంటుంది. ఆ మనిషిని కూర్చోబెట్టి, డబ్బు ఎప్పుడిచ్చావమ్మా, రసీదుందా, వకాలత్ మీద సంతకం నీదేనా అని ఒక్కొక్కటీ అడిగి రాబట్టడమే మనం చేసే పనిలో ముప్పాతిక వంతు. ఇది అందరికీ రాదు, ట్రయల్ కోర్టులో పల్లెటూరి సాక్షుల్ని చీఫ్‌లో (మన సాక్షితో మనమే మొదట చెప్పించేటప్పుడు) నడిపించినవాళ్లకి వస్తుంది.

కంప్లైంట్లలో ఎక్కువగా కనపడేవి ఇవే, డబ్బు డ్రా చేసి ఇవ్వకపోవడం, ఫీజు తీసుకుని కేసే వేయకుండా వాయిదా పడింది వాయిదా పడింది అని చెప్పడం, ఫైల్ తిరిగివ్వకపోవడం, క్లయింటుకి తెలియకుండా రాజీ మెమో. కేసు వేశారా లేదా అన్నది ఈ-కోర్ట్స్‌లో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. డబ్బు విషయంలో చెక్ పిటిషన్ (కోర్టులో పడిన డబ్బు ఇమ్మని వేసేది) కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్ ఈ రెండూ తెప్పిస్తే చాలావరకు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. క్లయింటు డబ్బుకి లెక్క రాసి పెట్టాలని బీసీఐ (బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రూల్స్‌లో ఉంది, ఆ లెక్క చూపించండి అంటే చూపించగలిగినవాళ్లు బయటపడతారు. అవార్డులో ఇంత శాతం నాది అని నోటిమాట ఒప్పందం ఉందండీ అని కౌంటర్‌లో ధైర్యంగా రాసేవాళ్లు కూడా ఉంటారు, గెలిస్తే ఇంత అనే ఫీజే రూల్స్‌కి విరుద్ధం అన్న సంగతి వాళ్లకి గుర్తుండదు.

ఫైళ్ల సంగతి చాలామందికి తెలీదు కాబట్టి చెప్తున్నా. ఫీజు బాకీ ఉంది అని ఫైల్ ఆపుకునే హక్కు లాయర్‌కి లేదు, 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేశారు. భోపాల్‌లో ఒక కోఆపరేటివ్ బ్యాంకు లీగల్ అడ్వైజర్, 97,100 రూపాయలు రావాలని ఫైళ్లు ఇవ్వలేదు, బీసీఐ 18 నెలలు ప్రాక్టీస్ ఆపింది, సుప్రీంకోర్టు తప్పు తప్పేనంటూనే అప్పటిదాకా ఈ విషయంలో స్పష్టత లేదు కాబట్టి శిక్షని రెప్రిమాండ్‌కి (మందలింపుకి) తగ్గించింది. తప్పు తేల్చడం ఒక పని, దానికి ఎంత శిక్ష అన్నది ఇంకో పని, ఆ రెండోదానికే ఎక్కువ రాత్రులు నిద్ర పట్టదు. రంగదొరై కేసులో ఒకే తప్పుకి తమిళనాడు కౌన్సిల్ ఆరేళ్లు సస్పెన్షన్ వేస్తే బీసీఐ ఏడాది చేసింది. తర్వాత 1979లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు పేదలకి లీగల్ ఎయిడ్ పని చెయ్యి అని మలిచారు.

చివరగా ఒప్పుకునే ముందు ఇది గట్టిగా ఆలోచించుకో. మామూలు సిట్టింగ్‌కి ఒకరు రాకపోయినా విచారణ సాగుతుంది, కానీ ఫైనల్ ఆర్డర్ ముగ్గురూ ఉంటేనే. నువ్వు ట్రైన్ ఎక్కని రోజు ఆ ఆర్డర్ ఆగిపోతుంది. ఏడాదిలో తేల్చకపోతే సెక్షన్ 36బి కింద ఫైల్ ఢిల్లీకి, బీసీఐకి పోతుంది. ఆమదాలవలస నుంచి అమరావతే దూరం అనుకుంటున్నావు, ఆ కంప్లైంట్ ఇచ్చిన ఆవిడకి ఢిల్లీ ఎంత దూరమో చూడు. నెలకి కొన్ని రోజులు ఖాయంగా ఇవ్వలేనంటే ఇప్పుడే వద్దను, ఒప్పుకుని రాకపోవడం కంటే అదే మేలు.

---

కౌంటర్_ఫైల్డ్:

పైన సార్ చెప్పిందంతా నిజమే కానీ బ్రదర్, రెండో వైపు కూడా విను. నేను గుంటూరు, కంప్లైంట్ వచ్చిన లాయర్ల తరఫున అప్పియర్ అవుతుంటా. వచ్చే ప్రతి కంప్లైంటూ నిజం కాదు. కేసు ఓడిపోయిన కోపం, మిగిలిన ఫీజు ఎగ్గొట్టడానికి బెదిరింపు, ఇవి కాకుండా ఎదుటి పార్టీ ఇచ్చే కంప్లైంట్లు, నీ లాయర్ మా మీద ఇలా ప్లీడింగ్ రాశాడు, అఫిడవిట్ మీద సంతకం పెట్టింది ఫలానా మనిషేనని ఐడెంటిఫై చేశాడు అని. వీటి మీద 2025 సెప్టెంబర్‌లో మహారాష్ట్ర గోవా బార్ కౌన్సిల్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది, ఎదుటి పక్షం లాయర్ మీద పోరాటానికి డిసిప్లినరీ కమిటీని వాడుకోనివ్వకూడదని.

నోటీసు వచ్చిందన్న మాట బార్‌లో పాకితే చాలు, ఆరోపణ తేలకముందే ఆ లాయర్ దగ్గరికి వచ్చే కొత్త క్లయింట్లు ఆగిపోతారు. నా క్లయింటు లాయర్ ఒకాయన, చాలా ఏళ్ల సర్వీసు, చివరికి కంప్లైంట్ కొట్టేశారు, కానీ అది నడిచినన్నాళ్లు ఆయన బార్ రూమ్‌కి రావడమే మానేశారు. కాబట్టి నువ్వు వెళ్తే ఏడుస్తున్నది ఎవరు అని కాకుండా కాగితం ఏం చెప్తోంది అని చూడు. మనిషి బతుకుతెరువు తీసేసే ఆర్డర్ ఇది, సివిల్ సూట్‌లో లాగా ఇటు కాస్త మొగ్గింది కాబట్టి డిక్రీ అనే లెక్క కుదరదు, సుప్రీంకోర్టు దీన్ని క్రిమినల్ కేసుకి దగ్గరగా చూసి గట్టి రుజువే అడుగుతుంది. అనుమానం మిగిలితే అది లాయర్‌కే చెందాలి.

ఇంతా చెప్పి వద్దనట్లేదు, వెళ్లమనే అంటున్నా. క్రాస్ అంటే ఏంటో తెలిసినవాడు అక్కడుంటే అమాయకుడైన లాయర్‌కి కూడా మంచిదే. నా క్లయింట్లు భయపడేది కఠినంగా ఉండే మెంబర్‌కి కాదు, ఫైల్ చదవకుండా వచ్చే మెంబర్‌కి.

---

నాగావళి_బిడ్డ:

సార్ నేను లాయర్ని కాదు, మాది మీ జిల్లా పక్కనే, గూగుల్‌లో వెతుకుతుంటే ఇది కనపడింది అందుకే రాస్తున్నా తప్పైతే క్షమించండి. మా నాన్నగారి పొలం ఒక ప్రాజెక్టు కింద పోయింది, కాంపెన్సేషన్ తక్కువిచ్చారని కోర్టుకెళ్లాం, పెరిగిన డబ్బు కోర్టులో పడింది, మా లాయర్ గారు నాన్నతో ఏవో సంతకాలు పెట్టించుకున్నారు. నాన్న చదువుకోలేదు, ప్లీడరు గారు చెప్తే దేవుడు చెప్పినట్టే ఆయనకి. తర్వాత ఎప్పుడడిగినా ఇంకా రాలేదు అనేవారు. నేను డిగ్రీలో ఉండగా కోర్టుకెళ్లి కాపీ పెడితే తెలిసింది డబ్బు ఎప్పుడో డ్రా అయిందని. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి సార్.

పోలీస్ స్టేషన్‌లో లాయర్ మీద కేసా అని వెనక్కి పంపారు. కన్స్యూమర్ ఫోరంకి వెళ్దామంటే లాయర్ల మీద అక్కడ కేసు చెల్లదని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది అన్నారు. ఇక మిగిలింది బార్ కౌన్సిల్, అక్కడే ఇచ్చాం, ఇంకా నడుస్తోంది. నాకు కోపం ఎవరి మీదా లేదు ఇప్పుడు, కానీ ఒక్కో వాయిదాకి నాన్నని తీసుకుని అంత దూరం వెళ్తే ఒక మెంబర్ రాలేదని తారీఖు మార్చి పంపేసిన రోజులున్నాయి. ఒకసారి మాత్రం ఒక మెంబర్ గారు నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, మీరు తెలుగులోనే చెప్పండి పెద్దాయనా, కంగారు లేదు అన్నారు. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తిన్నారు. డబ్బు వస్తుందో రాదో తెలీదు, అది వేరే దావా అని కూడా చెప్పారు, కానీ మా మాట విన్నవాళ్లు ఒకరున్నారు అన్నది ఆయనకి చాలు. మీరు వెళ్లండి సార్. దయచేసి వెళ్లండి.

---

ఓపీ_చీటీ:

నేను డాక్టర్ని, మీ రూల్స్ తెలీవు కానీ మా మెడికల్ కౌన్సిల్ కంప్లైంట్లలో సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా ఒపీనియన్ రాసిన అనుభవం ఉంది కాబట్టి చిన్న మాట. మాకు 2002 ఎథిక్స్ రెగ్యులేషన్స్ ప్రకారం ఆరు నెలల్లో తేల్చాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో కేస్ షీట్ ఇవ్వాలి. చాలా కంప్లైంట్లు ట్రీట్‌మెంట్ తప్పు వల్ల పుట్టవు, ఆ కేస్ షీట్ ఇవ్వకుండా తిప్పించుకోవడం వల్ల, ఏం జరిగిందో కూర్చోబెట్టి చెప్పకపోవడం వల్ల పుడతాయి, మీకు కూడా అంతేననిపిస్తోంది పై పోస్టులు చదివితే. తోటి డాక్టర్ మీద రాయాలంటే నాకూ మొదట్లో చేయి ఆడేది కాదు. నేను పాటించేది ఒకటే, ఫలితం తెలిశాక ఇలా చేసుండాల్సింది అనడం ఎవరికైనా తేలిక, అందుకే ఆ రోజు ఆ టైమ్‌కి ఆ డాక్టర్‌కి ఏం తెలుసో కేస్ షీట్ నుంచి వరసగా రాసుకుని ఆ తర్వాతే ఒపీనియన్ మొదలుపెడతా. ఊళ్లో వాళ్లు దూరమవుతారా అంటే కొందరయ్యారు, కానీ తర్వాత వాళ్లలోనే కొందరు డౌట్లకి ఫోన్ చేస్తున్నారు.

---

వంశధార_వకీలు:

అందరికీ ధన్యవాదాలు. నాగావళి గారూ, మీ పోస్ట్ ఇంట్లో చదివి వినిపించా, ఆ తర్వాత ఎవరూ వద్దనలేదు. సీనియర్ గారికి ఫోన్ చేసి సరే అన్నాను, మా జిల్లా వాళ్ల ఫైళ్లు మాత్రం నా ముందుకి వద్దండి, తప్పక వస్తే నేను తప్పుకుంటా అని చెప్పా, ఆయన కూడా అదే సరైందన్నారు. సోమవారాలు నా దగ్గర అంత బరువుండదు కాబట్టి సిట్టింగులు వీలైతే అప్పుడు పెట్టమని అడిగా.

డాకెట్ గారూ రెండు డౌట్లు. మధ్యలో లాయర్ డబ్బు కట్టేసి క్లయింటు నాకేం గొడవలేదు విత్‌డ్రా చేసుకుంటా అంటే క్లోజ్ చేసేయడమేనా? ఇంకోటి, ఫోన్లు వస్తే ఏం చెప్పాలి, మొహం మీద కసురుకోలేను కదా.

---

డాకెట్_షీట్:

సంతోషం తమ్ముడూ. విత్‌డ్రా అయిందనో రాజీ అయిందనో ఆ ఒక్క కారణంతో ఎంక్వైరీ ఆపకూడదని బీసీఐ రూల్స్‌లోనే ఉంది. ఇది వాళ్లిద్దరి మధ్య డబ్బు గొడవ కాదు, సనదు ఇచ్చిన కౌన్సిల్‌కీ ఆ లాయర్‌కీ మధ్య విషయం. డబ్బు తిరిగిచ్చాడన్నది శిక్ష దగ్గర లెక్కలోకి తీసుకోవచ్చు, జరిగిందా లేదా అన్నదాంట్లో కాదు. కంప్లైనెంట్ విత్‌డ్రా మెమో ఇస్తే ఆ లాయర్ లేకుండా విడిగా కూర్చోబెట్టి ఇష్టంతోనే ఇస్తున్నావా, డబ్బు చేతికి అందిందా అని అడిగి డాకెట్‌లో (ఫైల్‌లో ఆ రోజు విచారణ రాసే చోట) రాయండి. మెమో మీద సంతకం పెట్టాక డబ్బిస్తానని చెప్పి ఇవ్వనివాళ్లని చూశాను.

ఫోన్ల సంగతికొస్తే, కసరక్కర్లేదు. అన్నా ఫైల్ మీద నాతో మాట్లాడితే రేపు నేను తప్పుకోవాలి, అప్పుడు నీ వాడికే ఆలస్యం అను. చాలామంది అక్కడితో ఆగుతారు. ఆగనివాళ్ల ఫోన్ వచ్చిందని ఆ రోజే మిగతా ఇద్దరు మెంబర్లకి చెప్పేయ్, నీలో దాచుకోకు.

ముగ్గురిలో అభిప్రాయం తేడా వస్తే కంగారు పడకు, మెజారిటీతో ఆర్డర్ అవుతుంది, మెజారిటీ కూడా కుదరకపోతే కౌన్సిల్ చైర్మన్ ముందుకి పోతుంది. నువ్వు ఒప్పుకోకపోతే నీ కారణాలు నువ్వు విడిగా రాయి, ఎందుకంటే అరవై రోజుల్లో బీసీఐకి అప్పీల్, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకి మళ్లీ అరవై రోజులు, పైన చదివేవాళ్లకి నీ ఒక్క పేరానే ఉపయోగపడొచ్చు.

మొదటి సిట్టింగ్‌కి వెళ్లగానే కౌన్సిల్ ఆఫీసు సెక్షన్‌లో కూర్చుని పెండింగ్ ఫైళ్లన్నీ తెప్పించుకో. ఒక్కోదాని మీద కంప్లైంట్ అందిన తేదీ చూసి ఏడాది ఎప్పుడు నిండుతుందో పెన్సిల్‌తో అట్ట మీద రాసుకో, పది నెలలు దాటినవి పైన పెట్టించి ముందు వాటికి నోటీసులు పంపించు. ముసలివాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు ఉన్న కేసులు పొద్దున మొదట పిలవమని చైర్మన్ గారిని అడుగు, సాయంత్రం బండికి వాళ్లు ఇంటికి చేరుకోవాలి.